గాలిచాటు

ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనో, విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు మీదనో హెల్మెట్లు పెట్టుకున్న సైక్లిస్టుల గుంపు కనబడితే, చూసేవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. రోడ్డంతా ఖాళీగా ఉంటే ఒకరి చక్రానికి ఒకరు అతుక్కుని పోవడమెందుకు? ముందువాళ్ళు బ్రేకు వేస్తే వెనకవాళ్ళ గతేమిటి? ఇంకాస్త గమనించినవాళ్ళు రెండో ప్రశ్న కూడా వేస్తారు. అందరికన్నా ముందున్న మనిషి కాసేపటికి పక్కకు జరిగి, వేగం తగ్గించి, వరస చివరికి పోతాడు. ముందుండే అవకాశం వచ్చాక ఎందుకు వదులుకోవాలి?

రెండు ప్రశ్నలకూ జవాబు గాలిలోనే ఉంది. వారమంతా ఉద్యోగాలు చేసుకుని శని, ఆదివారాల్లో తొక్కే ఔత్సాహికుల క్లబ్బుల్లో ఎన్నో కట్టుబాట్లుంటాయి. ఎవరు ముందుండాలి, ఎంతసేపు ఉండాలి, ఎక్కడ ఆగాలి, ఎవరి కోసం ఆగాలి అనే ఆ నియమాలన్నిటి వెనకా భౌతికశాస్త్రం ఉంది. అది తెలిస్తే గుంపులో తొక్కడం సులువవుతుంది. గుంపు నుంచి వెనకబడిన మనిషి మీద మన ఆలోచన కూడా మారుతుంది.

గంటకు పదిహేడు టన్నులు

గాలికి బరువుంది. సముద్రమట్టం దగ్గర ఒక ఘనమీటరు గాలి 1.2 కిలోల దాకా తూగుతుంది. సైకిలు మీద కూర్చున్న మనిషి, ఎదురుగా నిలబడి చూస్తే, సుమారు అర చదరపు మీటరు చోటు ఆక్రమిస్తాడు. అతను 30 కిలోమీటర్ల వేగంతో గంటసేపు తొక్కితే దారిలో 15,000 ఘనమీటర్ల గాలి అడ్డొస్తుంది. తూకం వేస్తే పదిహేడు టన్నుల పైమాటే. అంత గాలినీ పక్కకు తోసుకుంటూ పోవాలి.

జాతరలో జనం మధ్య నుంచి నడవడం అనుభవమున్నవాళ్ళకు ఈ పని ఎలాంటిదో తెలుసు. మెల్లగా నడిస్తే జనం వాళ్ళంతట వాళ్ళే తప్పుకుంటారు, పెద్ద కష్టం ఉండదు. అదే జనంలో రెట్టింపు వేగంతో పోవాలనుకోండి. నిమిషానికి ఎదురయ్యే మనుషులు రెట్టింపవుతారు. ఒక్కొక్కరినీ రెట్టింపు వేగంతో పక్కకు జరపాలి. కాబట్టి భుజానికి తగిలే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గాలిలోనూ ఇదే లెక్క. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లు. పైగా ఆ నాలుగు రెట్ల అడ్డును రెట్టింపు వేగంతో తోస్తున్నాం కనుక, క్షణక్షణానికీ కాళ్ళు పెట్టాల్సిన శక్తి ఎనిమిది రెట్లు.

సైకిలుకు ఇంకో అడ్డు కూడా ఉంది. నేలకు ఆనిన చోట టైరు నొక్కుకుపోయి మళ్ళీ సాగేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. దీన్ని దొర్లుడు అడ్డు అందాం. వేగంతో ఇది పెద్దగా మారదు. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలనుకుని, మామూలు రోడ్డు సైకిలు మీద గాలి లేని రోజున లెక్క వేస్తే ఇలా వస్తుంది. గంటకు 15 కిలోమీటర్ల దగ్గర గాలి అడ్డు, దొర్లుడు అడ్డు ఇంచుమించు సమానం. 20 దగ్గర మొత్తం 60 వాట్లు చాలు. 30 దగ్గర 160 వాట్లు కావాలి, అందులో నాలుగింట మూడు వంతుల పైన గాలికే పోతుంది. 40 దగ్గర 330 వాట్లు దాటుతుంది. అంటే 30 నుంచి 40కి పోవాలంటే శక్తి రెట్టింపు పెట్టాలి. కూరగాయలకు సైకిలు మీద వెళ్ళే మనిషికి గాలి పట్టనిదీ, ఆదివారం క్లబ్బు మనిషికి అదే సర్వస్వమైనదీ ఇందుకే.

క్లబ్బులు సూర్యోదయానికి ముందే బయలుదేరడానికి ట్రాఫిక్, ఎండ ఎంత కారణమో గాలి కూడా అంత కారణం. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పొర కదలకుండా నిలుస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే పై పొరల్లో వేగంగా వీచే గాలి కిందికి కలుస్తుంది. ఎనిమిదింటికి తిరుగుముఖం పట్టినవాళ్ళకు ఎదురుగాలి తగిలితే అది దురదృష్టమనుకోనక్కరలేదు.

పోయేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు వెన్ను తడుతుంది కదా, లెక్క సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. మన 160 వాట్ల మనిషి 20 కిలోమీటర్లు వెళ్ళి తిరిగి రావాలి, గంటకు 10 కిలోమీటర్ల గాలి వీస్తోంది. ఎదురుగాలిలో 49 నిమిషాలు పడుతుంది, వెనకగాలిలో 33 నిమిషాలు. గాలి అసలు లేకపోతే మొత్తం 80 నిమిషాల్లో అయ్యే ప్రయాణం 82 అయింది. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం, వెనకగాలిలో తక్కువసేపు. నష్టమంతా ఆ తేడాలోనే.

మరొక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. ఉక్కపోత రోజున గాలి బరువుగా ఉందంటాం. నిజానికి తేమ గాలి పొడి గాలికన్నా తేలిక, ఎందుకంటే నీటి ఆవిరి అణువు నత్రజని, ఆమ్లజని అణువులకన్నా తేలికైనది. వేడి గాలి చల్లగాలికన్నా పలచన. ఎత్తు పెరిగినా గాలి పలచబడుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడి గాలి విశాఖ గాలికన్నా ఐదారు శాతం పలచన. 1972లో పందేల సైక్లిస్టు ఎడీ మెర్క్స్ గంటలో ఎంత దూరం తొక్కగలడో చూసే రికార్డు కోసం 2,200 మీటర్లకు పైన ఉన్న మెక్సికో సిటీ దాకా వెళ్ళి 49.431 కిలోమీటర్లు తొక్కింది ఈ పలచదనం కోసమే.

ముందున్న మనిషి చాటున

జాతరలో బలమైన మనిషి ఒకడు జనాన్ని తప్పించుకుంటూ పోతుంటే, అతని వీపును అంటుకుని నడిచే పిల్లవాడికి దారి దొరుకుతుంది. ఆలస్యం చేస్తే జనం మళ్ళీ కమ్ముకుంటారు, దారి మూసుకుపోతుంది. సైకిలు వెనకా అంతే. ముందున్న మనిషి చీల్చిన గాలి అతని వెనక కాసేపు సుడులు తిరుగుతూ, అతను పోయే వైపే కొంత కదులుతూ ఉంటుంది. అక్కడ ఒత్తిడి కూడా తక్కువ. ఆ చోటు గాలిచాటు. అందులో ఉండి తొక్కడాన్నే సైక్లిస్టులు డ్రాఫ్టింగ్ అంటారు.

లాభం ఎంత? అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన చెస్టర్ కైల్ అనే ఆచార్యుడు 1979లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని కొలిచాడు. సైకిలును ఒక వేగానికి తెచ్చి, తొక్కడం మానేసి, దానంతట అది ఎంత త్వరగా నెమ్మదిస్తుందో చూడటం అతని పద్ధతి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ముందువాళ్ళను అంటుకుని పోయే మనిషికి శక్తిలో మూడో వంతు దాకా మిగులుతుందని తేల్చాడు. దగ్గరతనాన్ని బట్టి, ముందున్న మనిషి ఒడ్డూ పొడుగూ బట్టి ఈ అంకె మారుతుంది. సన్నగా, పొట్టిగా ఉన్నవాళ్ళ వెనక చాటు తక్కువ. పొడుగు మనిషి వెనక చిన్న మనిషికి ఎక్కువ.

పెద్ద గుంపైతే లాభం ఇంకా పెరుగుతుంది. బెర్ట్ బ్లాకెన్ నాయకత్వంలోని పరిశోధకులు 121 మంది గుంపును కంప్యూటరు లెక్కలతోనూ, చిన్న బొమ్మలతో గాలిసొరంగంలోనూ పరీక్షించి 2018లో ఫలితాలు వెల్లడించారు. గుంపు నడుమ, వెనక భాగాన ఉన్నవాళ్ళకు గాలి అడ్డు ఒంటరి సైక్లిస్టుకు ఉండేదాంట్లో ఐదు నుంచి పది శాతమే. నాకు అంతకన్నా నచ్చింది అదే పరిశోధకుడి పాత పని. వెనక మనిషి ఉండటం వల్ల ముందున్న మనిషికి కూడా రెండున్నర శాతం దాకా కలిసొస్తుందని అందులో తేలింది. ముందున్న మనిషి వీపు వెనక ఏర్పడే తక్కువ ఒత్తిడి అతన్ని వెనక్కి లాగుతుంటుంది. వెనకున్న మనిషి ఆ ఖాళీని కొంత నింపుతాడు. కాబట్టి చక్రం పట్టుకుని వచ్చే మనిషి ముందువాళ్ళ దగ్గర దొంగిలించేదేమీ లేదు.

పక్కగాలి వీస్తే చాటు సరిగ్గా వెనక ఉండదు, ఏటవాలుగా పక్కకు జరుగుతుంది. భీమిలి వైపు పోయేవాళ్ళకు సముద్రం కుడి పక్కన ఉంటుంది. గాలి అటునుంచి కొడితే చాటు ముందువాళ్ళ ఎడమ వెనక దొరుకుతుంది. ఐరోపా పందేల్లో ఇలాంటప్పుడు రోడ్డు వెడల్పంతా ఏటవాలు వరసగా, ఎషెలాన్‌గా పరుచుకుంటారు. రోడ్డు అంచు వచ్చేశాక మిగిలినవాళ్ళకు చాటు లేదు, అక్కడే గుంపు చీలిపోతుంది. మన దగ్గర వాహనాలు తిరిగే రోడ్డు మీద ఇలా పరుచుకోవడం కుదరదు, చేయకూడదు. అందుకే పక్కగాలి రోజున మన క్లబ్బులు వేగం తగ్గించుకోవడమే సరైన పని.

చాటు లేని పందెం

గాలిచాటు ఎంత విలువైనదో దాన్ని నిషేధించిన చోట బాగా తెలుస్తుంది. బ్రిటన్‌లో 1890లలో రోడ్ల మీద గుంపు పందేలను సైక్లింగ్ సంఘమే వద్దంది. గుర్రపు బండ్లు తిరిగే దారుల్లో పందేలు ఇబ్బంది అవుతున్నాయని, పోలీసులు సైకిళ్ళనే నిషేధిస్తారని భయం. దానికి ఎఫ్.టి. బిడ్లేక్ అనే సైక్లిస్టు ఉపాయం చెప్పాడు. 1895 అక్టోబరులో నార్త్ రోడ్ క్లబ్బు 50 మైళ్ళ పందెంలో ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలారు. ఎవరి కాలం వారిది, గడియారంతోనే పోటీ. ఇదే టైమ్ ట్రయల్. పోటీదారులు తెల్లవారుజామునే, ఎవరి కంటా పడకుండా నల్లబట్టలు వేసుకుని బయలుదేరేవాళ్ళు. పందెం జరిగే చోటు ఊరి పేరుతో కాక రహస్య సంకేతంతో చెప్పుకునేవాళ్ళు. 1942 జూన్ 7న పర్సీ స్టాలార్డ్ అనే సైక్లిస్టు లాంగోలెన్ నుంచి వుల్వర్‌హాంప్టన్‌కు గుంపు పందెం నడిపి ఆ కట్టుబాటును తెంచాడు. అందుకు అతన్ని సంఘం బహిష్కరించింది. అయినా ఒంటరి పందెం పోలేదు. 10 మైళ్ళు, 25 మైళ్ళ టైమ్ ట్రయల్స్ అక్కడి క్లబ్బుల జీవితంలో ఈనాటికీ భాగమే. ముందు వెళ్ళే మనిషి చాటున తొక్కడం అందులో తప్పు.

చాటు లేనప్పుడు ఏం చేయాలి? తన ఆకారమే మార్చుకోవాలి. సైకిలు, మనిషి కలిసి ఎదుర్కొనే గాలి అడ్డులో నాలుగింట మూడు వంతుల దాకా మనిషి ఒంటిదే. ఈ సంగతిని అందరికన్నా గట్టిగా నమ్మినవాడు గ్రేమ్ ఓబ్రీ. స్కాట్లండ్ క్లబ్బు పందేల్లో పెరిగిన ఈ ఔత్సాహికుడు తన సైకిలు తనే తయారు చేసుకున్నాడు, అందులో వాషింగ్ మెషీన్ బేరింగులు వాడాడు. చేతులు ఛాతీ కింద ముడుచుకుని, వీపు నేలకు సమాంతరంగా వంచి కూర్చునేవాడు. 1993 జులైలో నార్వేలోని హమార్‌లో గంటలో 51.596 కిలోమీటర్లు తొక్కి ఫ్రాన్సిస్కో మోజర్ 1984 నాటి రికార్డును దాటాడు. ఆరు రోజులకే క్రిస్ బోర్డ్‌మన్ దాన్ని 52.270కి పెంచాడు. మరుసటి ఏడు అంతర్జాతీయ సంఘం ఓబ్రీ కూర్చునే తీరును నిషేధించింది. ఆ నిషేధం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. డబ్బు లేని మనిషి ఆలోచనతో సంపాదించుకున్న లాభం అది.

లక్షలు పెట్టి తేలిక సైకిలు కొనాలనుకునే క్లబ్బు సభ్యులకు దీన్నిబట్టి ఒక మాట చెప్పాలి. చదును రోడ్డు మీద మోచేతులు వంచి, తల దించి, చొక్కా గాలికి కొట్టుకోకుండా చూసుకుంటే వచ్చే లాభం ఒకటి రెండు కిలోల బరువు తగ్గిస్తే వచ్చేదానికన్నా ఎక్కువ. దానికి ఖర్చు లేదు.

ఎక్కుడు దారి

హైదరాబాద్ క్లబ్బులు వికారాబాద్ వెళ్ళినప్పుడు అనంతగిరి కొండ దగ్గర గుంపు చెదిరిపోతుంది. అంతవరకు కబుర్లు చెప్పుకుంటూ వచ్చినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళవుతారు. ఇక్కడ అడ్డు గాలి కాదు, బరువు. నూరు మీటర్లు పోతే ఐదు మీటర్లు పైకి లేచే ఎక్కుడులో మన 85 కిలోల బరువును లాగాలంటే, చదును మీద 30 కిలోమీటర్ల వేగాన్నిచ్చిన 160 వాట్లు గంటకు 12 కిలోమీటర్లే ఇస్తాయి. ఆ వేగంలో గాలి వాటా ఇరవయ్యో వంతు. ఎవరి చాటున నడిచినా మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఎవరి బరువు వాళ్ళే మోసుకోవాలి. కిలో బరువుకు ఎన్ని వాట్లు పెట్టగలరన్నదే ఎక్కుడులో తేల్చే సంగతి. చదును మీద వెనకబడే సన్నని మనిషి ఇక్కడ ముందుకు పోవడం, ముందుండి గాలి చీల్చిన భారీ మనిషి ఇక్కడ చివరికి రావడం మామూలు.

ఎక్కుడులో ఇంకో ఇబ్బంది వేడి. మనం తిన్నదాంట్లో పెడల్‌కు చేరే శక్తి నాలుగో వంతు లోపే, మిగతాది వేడి. 160 వాట్లు పెడల్ మీద పెట్టే మనిషి ఒంట్లో 500 వాట్ల వేడి పుడుతుంది. దాన్ని చెమట ఒక్కటే తీసేయాలంటే గంటకు ముప్పాతిక లీటరు ఆవిరైపోవాలి, కారిపోయింది లెక్కలోకి రాదు. చదును మీద శత్రువైన గాలే ఒంటిని చల్లబరుస్తుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంలో ఆ గాలి చాలదు. తీరప్రాంతపు ఉక్కలో చెమట ఆవిరి కాక కారిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగమని పాతవాళ్ళు చెప్పేది ఇందుకే.

తిండి సంగతి రెండు మాటల్లో. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం మొత్తం సుమారు 2,000 కిలోకాలరీలు. మన మనిషి గంటకు దాదాపు 570 కిలోకాలరీలు ఖర్చు పెడుతున్నాడు. ఒంట్లోని కొవ్వు కూడా కరుగుతుంది కానీ అది త్వరగా అందదు. మూడు నాలుగు గంటలు దాటే రైడ్‌లో మధ్యలో ఇడ్లీకో అరటిపండుకో ఆగకపోతే కాళ్ళు ఉన్నట్టుండి చచ్చుబడతాయి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన బ్రెవే తొక్కేవాళ్ళు కాళ్ళతో పాటు కడుపును కూడా తర్ఫీదు చేసుకుంటారు.

తోక తెగినప్పుడు

ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇక్కడుంది. గుంపు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. వరసలో చివర కొత్తగా చేరిన మనిషి ఉన్నాడు, చాటున 115 వాట్లతో నెట్టుకొస్తున్నాడు. ఒక మలుపులో కాస్త వెనకబడ్డాడు. కొన్ని మీటర్ల ఖాళీ ఏర్పడింది. ఇప్పుడు చాటు పోయింది. అదే వేగంతో పోవాలన్నా 160 వాట్లు కావాలి. ఖాళీని పూడ్చి గుంపును అందుకోవాలంటే గుంపుకన్నా వేగంగా, 33తో తొక్కాలి. దానికి 200 వాట్లు. అలసిపోయి వెనకబడిన మనిషిని అదే నిమిషంలో ముప్పావు వంతు ఎక్కువ శక్తి పెట్టమంటున్నాం. చాలామందికి అది సాధ్యం కాదు. ఖాళీ పెరుగుతుంది, గుంపు మలుపు తిరిగి కనబడకుండా పోతుంది. ఆ మనిషి వచ్చే ఆదివారం రాడు. "అంత సత్తువ లేదు" అని తన గురించి తనే అనుకుంటాడు, క్లబ్బులో మిగతావాళ్ళూ అనుకుంటారు. సత్తువ తేడా కొంచెమే, మిగతాదంతా గాలి చేసింది.

దీన్ని తప్పించే పని ముందున్నవాళ్ళ చేతిలో ఉంది. ముందుకు రాగానే తాజా కాళ్ళతో వేగం పెంచడం క్లబ్బుల్లో తరచూ జరిగే పొరపాటు. మీకు ఐదు వాట్ల తేడాగా అనిపించింది చివరి మనిషికి చాటు పోయే క్షణం కావచ్చు. ముందుకు వచ్చినప్పుడు అదే వేగం ఉంచండి. మీ వంతు అయ్యాక మెల్లగా పక్కకు జరగండి. మలుపు తర్వాత, సిగ్నల్ తర్వాత, గుంత తర్వాత ఒకసారి వెనక్కి చూసి, తోక కలిసేదాకా ఆగండి. కొండ పైన చివరి మనిషి వచ్చేదాకా నిలబడండి, వచ్చిన మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చి బయలుదేరండి.

దగ్గరగా తొక్కడంలో ప్రమాదం ఉన్నమాట నిజం. 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైన. కన్ను చూసి చెయ్యి బ్రేకు నొక్కే అర సెకనులో నాలుగు మీటర్లు పోతాం. చక్రానికీ చక్రానికీ మధ్య ఉన్నది అర మీటరు. అందుకే గుంపులో అకస్మాత్తుగా బ్రేకు వేయరు. గుంత వస్తే చేత్తో చూపిస్తారు, నెమ్మదిస్తుంటే అరిచి చెబుతారు, వెనక నుంచి వాహనం వస్తే చివరివాళ్ళు ముందుకు మాట పంపుతారు. మీ ముందు చక్రాన్ని ముందువాళ్ళ వెనక చక్రం పక్కకు పోనివ్వకండి. అవి రాసుకుంటే ముందున్న మనిషికి సాధారణంగా ఏమీ కాదు. పడేది వెనకున్న మీరు, ఎందుకంటే సైకిలు నిలబడేది ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుకునే స్వేచ్ఛ వల్ల, ఆ స్వేచ్ఛ పోయిన క్షణాన పడిపోతుంది. లారీ వెనకో బస్సు వెనకో దొరికే గాలిచాటు ఎంత పెద్దదైనా దాని జోలికి పోకండి. మీరు అక్కడున్న సంగతి డ్రైవరుకు తెలియదు, అతని బ్రేకు మీ బ్రేకుకన్నా ముందు పనిచేస్తుంది.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట పైన సౌరఫలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. లారీలు లేని అలాంటి చోట గుంపులో తొక్కడం నేర్చుకోవడం మేలు. మొదటి రోజున రెండు మీటర్ల దూరం ఉంచుకోండి, ధైర్యం వచ్చేకొద్దీ దగ్గరవ్వండి. క్లబ్బువాళ్ళను వరస మధ్యలో చోటు అడగండి, చివర నిలబడకండి. హెల్మెట్, ముందూ వెనకా దీపాలు, రెండు సీసాల నీళ్ళు తెచ్చుకోండి.